ఈశాన్య వానలకు ముందు చెన్నై డాబా: ఏ పూత, ఏ పరుపు, ఏ రేకు

తెలంగాణలో దసరా దాటాక డాబా సంగతి మరచిపోయినా నడుస్తుంది. చెన్నైలో డాబాకు అసలు పరీక్ష దసరా దాటాకే మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు 20 ప్రాంతంలో వస్తాయి. ఏడాది మొత్తానికి నగరంలో కురిసే సుమారు 140 సెంటీమీటర్ల వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. మన ఆశ్వయుజ కార్తీకాల్లో వచ్చే ఈ ముసురును ఇరుగుపొరుగు తమిళులు ఐప్పసి అడమళై అంటారు. 2015 డిసెంబరు 2 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో తాంబరంలో 49 సెంటీమీటర్ల వాన నమోదైంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు ఈ నగరాన్ని ముంచి వెళ్ళింది. కనుక ఇక్కడ చలికాలానికి ముందు ఇంటి కప్పును చూసుకోవడమంటే వాననీటి లెక్క చూసుకోవడమే.

ఆ లెక్క చిన్నదే. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 930 లీటర్ల నీరు చేరుతుంది. ఒక్క రాత్రి పది సెంటీమీటర్లు పడితే అది 9,300 లీటర్లవుతుంది, అంటే వేసవిలో మన వీధికి వచ్చే ఓ మోస్తరు ట్యాంకరు లారీ నీరంతా తెల్లవారేలోగా మన పిట్టగోడల మధ్య నుంచి దిగిపోవాలి. ఆ నీటికి దారి సరిగ్గా ఉంటే నాసిరకం పూత కూడా నాలుగేళ్ళు నెట్టుకొస్తుంది. దారి లేకపోతే ఎంత ఖరీదైన పూతయినా ఓడిపోతుంది. చాలామంది ఏ కంపెనీ డబ్బా మంచిదన్న ప్రశ్నతో ఎంపిక మొదలుపెడతారు. నా మట్టుకు నాకు అది మూడో ప్రశ్న. నీరు ఎక్కడ లోపలికి దిగుతున్నదనేది మొదటిది, ఎక్కడ నిలుస్తున్నదనేది రెండోది.

పరిశీలన కిందినుంచి మొదలుపెట్టండి

ముందు డాబా ఎక్కకుండా, పై అంతస్తు గదుల్లో పగటి వెలుగులో పైకప్పును చూడాలి. గోధుమరంగు అంచుతో కనిపించే మరక పాతదో కొత్తదో తెలియాలంటే దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసి, తేదీ వేసి వదిలేయాలి. తర్వాతి వానకు మరక గీత దాటితే కారుడు ఇంకా కొనసాగుతున్నట్టే. పైకప్పు మీద తెల్లటి ఉప్పు పొడిలా పైకి పొంగి కనిపించినదంటే నీరు చాలాకాలంగా కాంక్రీటులో నుంచి ప్రయాణిస్తున్నదని అర్థం. పెచ్చులు ఊడి తుప్పు పట్టిన ఇనుప చువ్వ బయటపడితే అది పూతలతో తీరే సమస్య కాదు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలదీస్తుంది కనుక ముందు ఇంజనీరు చేత శ్లాబు బాగు చేయించాలి. బీసెంట్ నగర్, తిరువాన్మియూరు వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ఇది మరింత త్వరగా జరుగుతుంది. ఫ్యాను కొక్కెం దగ్గరో లైటు పాయింటు దగ్గరో చెమ్మ కనబడితే ఆ గదికి కరెంటు ఆపి, ఎలక్ట్రీషియను చూసేదాకా స్విచ్చి వేయకూడదు.

మరక వానతో సంబంధం లేకుండా పెరుగుతున్నదా అన్నది కూడా గమనించాలి. మా ఇంట్లో రెండేళ్ళపాటు కప్పు కురుస్తున్నదనే అనుకున్నాం. తీరా చూస్తే ట్యాంకు నిండి పొర్లిన నీరు ప్రతి ఉదయం పిట్టగోడ మొదట్లో చేరి గోడలోకి ఇంకుతున్నది. పది రూపాయల వాషరు మార్చవలసిన పనికి డాబా మొత్తానికి పూత వేయించడానికి సిద్ధపడ్డాం. వేసవిలో కూడా చెమ్మ ఆరని చోట ముందు ట్యాంకును, గొట్టాలను, పక్కనున్న స్నానాలగదిని అనుమానించాలి.

తర్వాత డాబా మీదికి. అక్కడ అన్నిటికంటే ముందు తూములను చూడాలి. ఎండుటాకులు, పావురాల ఈకలు, దీపావళి టపాకాయల కాగితాలు కలిసి ఎంత పెద్ద తూమునైనా మూసేయగలవు కనుక, వెయ్యి చదరపు అడుగుల డాబాకు ఒకే తూము ఉంటే రెండోది పెట్టించుకోవడం ఏ పూత కంటే కూడా ఎక్కువ మేలు చేస్తుంది. జాలీ లేని తూముకు జాలీ పెట్టించాలి. కింద ఆ గొట్టం ఎక్కడికి పోతున్నదో కూడా తెలుసుకోవాలి. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి కాబట్టి చాలా ఇళ్ళలో డాబా గొట్టం ఇంకుడు గుంతలోకో బావిలోకో సంపులోకో వెళుతుంది. గుంతలో పూడిక పేరుకుంటే నీరు వెనక్కి తన్ని డాబా మీదే నిలుస్తుంది.

వాటం చూడడానికి మేస్త్రి అక్కర్లేదు. జల్లు వెలిసిన గంట తర్వాత పైకి వెళ్ళి, ఇంకా నీరు నిలిచి ఉన్న చోట్ల చుట్టూ సుద్దముక్కతో గీస్తే డాబా తన జబ్బును తానే చెబుతుంది. వాన లేకపోతే బకెట్లతో నీళ్ళు పోసి అదే పని చేయవచ్చు. వందకు ఒకటి వంతున వాటం ఉండాలి, అంటే తూముకు దూరంగా పది అడుగులు జరిగితే అక్కడ గచ్చు కనీసం ఒక అంగుళానికి పైగా ఎత్తులో ఉండాలి. మట్టం గొట్టంలో నీళ్ళు నింపి ఇద్దరు పట్టుకుంటే పది నిమిషాల్లో ఆ సంగతి తేలుతుంది.

గచ్చు మీద అక్కడక్కడ చిన్న కర్రతో తట్టాలి. డొల్లగా మోగినచోట కింద పరుపు, అంటే శ్లాబు మీద వాటం కోసం వేసిన పొర, విడిపోయి, ఆ సందులో నీరు చేరి ఉంటుంది. పిట్టగోడ గచ్చును కలిసే మూల, గొట్టాలు శ్లాబును చీల్చుకుని వచ్చిన చోటు, సోలార్ హీటరు కాళ్ళకూ డిష్ యాంటెన్నాకూ బోల్టులు దిగిన చోటు, ఈ మూడింటినీ వంగి చూడాలి. కారుళ్ళు డాబా మధ్యలో కంటే ఈ అంచుల్లోనే ఎక్కువగా పుడతాయి. పిట్టగోడ పగుల్లో మొలిచిన రావిమొక్కను పైపైన తుంచితే వేరు బలపడుతుంది. గారను కొద్దిగా తవ్వి వేరుతో సహా తీసి ఆ రంధ్రాన్ని పూడ్చాలి.

అనుమానం తీరకపోతే తూములు మూసి, ఇసుకకట్టలతో డాబాను భాగాలు చేసి, ఒక్కో భాగంలో అంగుళం లోతు నీరు ఒకటి రెండు రోజులు నిలిపి కింద ఎక్కడ చెమ్మ దిగుతున్నదో చూడవచ్చు. అయితే చువ్వలు బయటపడ్డ శ్లాబు మీద, కలప దూలాల పాత మిద్దె మీద ఈ పరీక్ష చేయకూడదు, ఎందుకంటే అంగుళం నీరు ప్రతి చదరపు మీటరుకూ పాతిక కిలోల బరువు.

సున్నపు పరుపు, దాని మీద పెంకులు

చెన్నైలో ఒక తరం వెనకటి ఇళ్ళ డాబాల మీద ఇటుక జల్లి, సున్నం కలిపి దిమ్మిస కొట్టిన పరుపు, దానిపైన ఎర్రటి చదును పెంకులు ఉంటాయి. తమిళంలో ఆ పెంకును తట్టోడు అంటారు. పాత మేస్త్రీలు ఆ సున్నంలో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోసేవారు. ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఏమిటంటే, అది ఒకేసారి మూడు పనులు చేస్తుంది: నీటికి వాటం ఇస్తుంది, శ్లాబును ఎండ నుంచి కాపాడుతుంది, మనుషులు తిరిగినా వడియాలు ఆరబెట్టినా అరగదు. పూతలేవీ మొదటి పనిని చేయలేవు.

దీని లోపం బరువు. మూడు అంగుళాల మందాన వేస్తే పెంకులు కాకుండానే చదరపు మీటరుకు సుమారు 135 కిలోలు, వెయ్యి చదరపు అడుగులకు పన్నెండు టన్నులకు పైమాట. ఇప్పటికే ఒక పరుపు ఉన్న శ్లాబు మీద దాన్ని తీయకుండా మరో పరుపు వేయించడం చాలా ఇళ్ళలో చూశాను. ఇంజనీరు ఒప్పుకోకుండా ఆ పని చేయకూడదు. పాతదాన్ని పగలగొట్టి తీసేటప్పుడు సమ్మెట దెబ్బలకు శ్లాబే పగిలే ప్రమాదం కూడా ఉంది. అందువల్ల పరుపు గట్టిగా ఉండి, పెంకుల సందులు మాత్రమే ఊడిపోయి ఉంటే, సందులను గీకి శుభ్రం చేసి పాలిమరు కలిపిన సిమెంటుతో నింపడం, డొల్లగా మోగిన నాలుగు చోట్ల మాత్రం తీసి వేయడం సరిపోతుంది. చాలా ఇళ్ళకు కావలసింది ఇంతే. దీనితో లాభం తక్కువ కనుక గుత్తేదారులు ఈ మాట తమంతట తాము చెప్పరు.

కొత్తగా కట్టే ఇల్లయితే సంగతి వేరు. శ్లాబు మీద నేరుగా సిమెంటు, పాలిమరు ద్రవం కలిపి పూసే రెండు భాగాల పూత వేసి, దాని రక్షణగా పైన పరుపు, పెంకులు వేయించడం నా దృష్టిలో చెన్నై వాతావరణానికి అన్నిటికంటే దీర్ఘకాలం నిలిచే కూర్పు. ఆ సిమెంటు పూత ఎండకు బయట ఉండవలసినది కాదు, మరుగున ఉన్నప్పుడే ఎక్కువకాలం పనిచేస్తుంది. పెంకులు ఎరుపు కాకుండా తెల్లటి చలువ పెంకులు వేయిస్తే మే నెలలో కింది గది వేడి తగ్గుతుంది. అయితే వేడిని తిప్పికొట్టే తెల్లరంగును నీరు దిగకుండా ఆపే పూతగా భావించి కొనకూడదు. కొన్ని డబ్బాలు రెండు పనులూ చేస్తాయి, కొన్ని మొదటిదే చేస్తాయి, ఆ తేడా డబ్బా మీద చదివి తెలుసుకోవాలి.

అక్రిలిక్ పూతా, పాలీయూరిథేనా?

ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేవి ఈ రెండే. రెండూ బ్రష్షుతోనో రోలరుతోనో పూసి, ఆరాక రబ్బరులా సాగే పొరగా మారేవే. రెండూ బరువు లేనివి కనుక పాత శ్లాబుకు భయం లేదు. తేడా నిలిచిన నీటి దగ్గర వస్తుంది. అక్రిలిక్ ఎండను బాగా తట్టుకుంటుంది, ధర తక్కువ, మళ్ళీ పూయడం తేలిక. కానీ రోజుల తరబడి నీరు నిలిస్తే మెత్తబడి లేచిపోతుంది. పాలీయూరిథేన్ నిలిచిన నీటిని ఎక్కువగా ఓర్చుకుంటుంది, పగుళ్ళ మీద ఎక్కువ సాగుతుంది. కానీ చౌకరకం ఎండకు పసుపెక్కి పైన పొడి రాలుతుంది కాబట్టి దానికి ఎండను తట్టుకునే పైపూత తప్పనిసరి. మాకు వచ్చిన అంచనాల్లో రెండోదాని ఖర్చు మొదటిదానికి రెండింతలకు పైనే ఉంది.

వాటం సరిగ్గా ఉన్న డాబాకు అక్రిలిక్ చాలునని నా అభిప్రాయం. మూడు నుంచి ఐదేళ్ళకోసారి మళ్ళీ పూయించుకోవాలని ముందే ఒప్పుకోవాలి. సుద్దగీతలు రెండు మూడు చోట్ల మాత్రమే పడితే ఆ చోట్లను పాలిమరు సిమెంటుతో ఎత్తుచేసి, తర్వాత అక్రిలిక్ వేయవచ్చు. డాబా సగం చెరువయ్యే ఇంటికి, వాటం సరిచేయడానికి శ్లాబు బరువు మోయలేని ఇంటికి పాలీయూరిథేన్ మీద పెట్టే అదనపు డబ్బు దండగ కాదు. ఏది వేసినా పిట్టగోడ మూలను సిమెంటుతో గుండ్రంగా తిప్పి, పూతను గోడ మీదికి కనీసం ఒక అడుగు ఎక్కించాలి. ఆ మూలల్లో, పగుళ్ళ మీద రెండు పూతల మధ్య ఫైబర్ జాలీ పరచాలి. కంటికి కనిపించే పగులును పైపైన పూసి కప్పకూడదు. దాన్ని కట్టరుతో గాడిలా విప్పి, దుమ్ము ఊది, సీలెంటుతో నింపిన తర్వాతే పూత.

ఈ రెండు పూతలకూ ఉమ్మడి శత్రువు లోపలి తడి. ఒక ఏడాది మేము అక్టోబరు రెండో వారంలో, మధ్యలో రెండు రోజులు ఎండ కాసింది కదా అని, పూత వేయించాం. దీపావళికల్లా అది అప్పడంలా పొక్కింది. పైకి ఆరినట్టు కనిపించే శ్లాబు లోపల తడిగానే ఉంటుంది. ఎండ తగలగానే ఆ తడి ఆవిరై పూతను లేపుతుంది. ఒక మీటరు పాలిథిన్ కాగితాన్ని నాలుగువైపులా టేపుతో గచ్చుకు అంటించి మర్నాడు విప్పి చూస్తే, అడుగున నీటి చుక్కలు కనబడితే ఇంకా వేచి ఉండాలని తెలుస్తుంది. ఖర్చులేని ఈ పరీక్ష చేయడానికి విసుక్కునే మనిషికి పని అప్పగించవద్దు.

తారు షీటు, రేకుల కప్పు

మంట పెట్టి అంటించే తారు షీట్లు మూడు నాలుగు మిల్లీమీటర్ల మందంలో దొరుకుతాయి. ఒక షీటు అంచు మరొకదాని మీద కనీసం నాలుగు అంగుళాలు ఎక్కాలి. మనుషులు తిరగని, గొట్టాలు తక్కువగా ఉన్న పెద్ద కప్పులకు ఇది మంచిదే. ఇంటి డాబాకు మాత్రం నేను దీన్ని ఎంచుకోను. నల్లటి పొర ఎండను పీల్చి కింది గదిని కాల్చుతుంది, పైన కప్పు వేయకపోతే పగులుతుంది. అన్నిటికీ మించి, ఒక అతుకు దగ్గర దూరిన నీరు షీటు కింద ప్రయాణించి ఎక్కడో దూరాన కారుతుంది కాబట్టి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం కష్టం.

డాబా మీద ఇనుప చట్రం నిలబెట్టి రంగురేకులు వేయించడం మడిపాక్కం, పెరంబూరు, విల్లివాక్కం వీధుల్లో ఇప్పుడు బాగా కనిపిస్తుంది. కారుడు ఒక్కసారిగా ఆగుతుంది, గది చల్లబడుతుంది, బట్టలు వానలో కూడా ఆరతాయి. ఆశపెట్టే పరిష్కారమే. కానీ భారతీయ ప్రమాణాల్లో చెన్నైకి నిర్ణయించిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. బెంగళూరుకు అది 33 మీటర్లే. అక్కడి బంధువుల ఇంట్లో నిలిచిన రేకుల కప్పు నమూనాను ఇక్కడ దించుకోకూడదనడానికి ఆ ఒక్క అంకె చాలు. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై దగ్గర తీరం దాటినప్పుడు వేలాది చెట్లు కూలాయి. పిట్టగోడ మీద నాలుగు బోల్టులతో నిలబెట్టిన స్తంభం అలాంటి గాలికి గోడతో సహా లేస్తుంది. స్తంభాలు కింది కాంక్రీటు స్తంభాల తలల మీదే దిగాలి, స్క్రూలకు రబ్బరు వాషర్లు ఉండాలి, రేకు మీద పడే నీటికి ప్రత్యేకంగా తొట్టె, గొట్టం ఉండాలి. కట్టడానికి ముందు కార్పొరేషను అనుమతి అవసరమేమో కనుక్కోవాలి. ఖర్చు వీటన్నిటిలోకీ ఎక్కువ. కింద ఉన్న శ్లాబును బాగుచేయకుండా రేకు వేస్తే తుప్పు పని తాను చేసుకుపోతూనే ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

పాత మిద్దె ఉన్నవారికి

మైలాపూరు, జార్జిటౌను వంటి పాత పేటల్లో కలప దూలాల మీద పల్చటి ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నపు పరుపు వేసిన కప్పులు ఇంకా ఉన్నాయి. వీటినే కట్టడాల పుస్తకాల్లో మద్రాసు టెర్రసు అంటారు. ఇలాంటి కప్పుకు పైన చెప్పిన ఏ ఎంపికా నేరుగా వర్తించదు. సున్నం చెమ్మను పీల్చి మళ్ళీ వదులుతుంది. పైన సిమెంటు గచ్చు గాని ఊపిరాడని పూత గాని వేస్తే ఆ చెమ్మ కిందికి తిరిగి, గోడలో దిగిన దూలాల కొసలను కుళ్ళబెడుతుంది. కనుక సున్నంతోనే మరమ్మతు చేయగల మేస్త్రిని వెతకాలి, అన్నిటికంటే ముందు దూలాల కొసలను గుచ్చి చూడాలి.

ఒప్పందం, సమయం

అంచనా తీసుకునేటప్పుడు చదరపు అడుగు ధర మాత్రమే అడిగితే పూత పల్చబడుతుంది. డబ్బా మీద రెండు పూతలకు లీటరు 20 చదరపు అడుగులకు వస్తుందని రాసి ఉంటే, వెయ్యి చదరపు అడుగులకు 50 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు రెండున్నర కావాలి. ఒకటిన్నర డబ్బాతో పని ముగిసినదంటే మిగిలినది నీళ్ళే. సీలు తీయని డబ్బాలు మన ఎదుట తెరవాలని, ఖాళీ డబ్బాలు మనకే అప్పగించాలని, కొంత సొమ్ము మొదటి పెద్దవాన తర్వాతే ఇస్తామని కాగితం మీద రాసుకోవాలి. పదేళ్ళ గ్యారంటీ అన్నవారిని, అందులో పగుళ్ళూ పిట్టగోడ మూలలూ కలిసి ఉన్నాయా అని అడగాలి. అపార్ట్‌మెంటులో డాబా అందరి ఉమ్మడి ఆస్తి కనుక, కారుడు పై అంతస్తువారి ఒక్కరి బాధ అన్న వాదన రాకముందే సంఘం సమావేశంలో తీర్మానం రాయించుకోవడం మంచిది.

పూతలకు ఆగస్టు, సెప్టెంబరుల్లో నాలుగైదు పొడి రోజులు చూసుకోవాలి. సున్నపు పరుపుకు, పెద్ద మరమ్మతులకు మాత్రం జనవరి నుంచి మార్చి దాకా ఉన్న కాలం మేలు. మరకలు ఇంకా తాజాగా ఉంటాయి, ఎండ పరుపును పగలదీసేంత ముదరదు. పూత ఆరాక మొదటి వాననీటిని సంపులోకి పోనీయకుండా బయటికి వదిలేయాలి.

ఇది చదివేసరికే అక్టోబరు సగం దాటిపోయి ఉంటే పూత ఆలోచన మానుకోండి. తూములు తీయించి, ఆరిన గంటల్లో పెద్ద పగుళ్ళకు మాత్రం సీలెంటు పెట్టి, మరీ కురిసే గది మీద మధ్యలో కర్రతో ఎత్తు వచ్చేలా టార్పాలిన్ కట్టి, అంచులను ఇసుక బస్తాలతో బిగించండి. వాన వెలిసిన గంటకు సుద్దముక్క పట్టుకుని పైకి వెళ్ళి నీరు నిలిచిన చోట్లన్నీ గీసి, ఫోనులో ఫోటోలు తీసి పెట్టుకోండి. జనవరిలో వచ్చే మేస్త్రికి ముందుగా చూపవలసినవి అవే.